రోడ్డు ప్రమాద మరణాలు: స్థల గణాంకాలు (భారతదేశం)

రోడ్డు ప్రమాదాల్లో మరణాలు ఏ రకం రోడ్డుపై, ఏ ప్రాంతంలో, రోడ్డులోని ఏ భాగంలో సంభవించాయో నమోదు చేసే జాతీయ లెక్కలను ఇక్కడ స్థల గణాంకాలు అంటున్నాం. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వీటిని ఏటా ప్రకటిస్తుంది. 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు దాదాపు 462 మంది. 2023లో మృతుల సంఖ్య 1.72 లక్షలు దాటింది. డ్రైవరు తప్పిదాన్ని ముందుగా ఊహించలేం. ప్రమాదం జరిగే చోటును మాత్రం ముందే గుర్తించి సరిచేయవచ్చు. ఈ లెక్కలకు విలువ అందువల్లే వచ్చింది.

నమోదు విధానం

ప్రతి అంకె వెనుక ఒక పోలీసు స్టేషన్, ఒక ఎఫ్‌ఐఆర్ ఉంటాయి. హైదరాబాద్ పాతబస్తీ వైపున్న కంచన్‌బాగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. డీఆర్‌డీవో ప్రయోగశాలలు, మిధాని, భారత్ డైనమిక్స్ ఉన్న ఈ ప్రాంతంలో డీఎంఆర్‌ఎల్ చౌరస్తా దగ్గర రోడ్డు దాటుతున్న మనిషిని బండి గుద్ది, అతను చనిపోయాడనుకుందాం. స్టేషన్‌లో నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసు నమోదవుతుంది. 2024 జూలై 1 నుంచి ఇలాంటి కేసులకు భారతీయ న్యాయ సంహితలోని 281, 106(1) సెక్షన్లు వర్తిస్తున్నాయి. దర్యాప్తు అధికారి సంఘటన స్థలానికి వెళ్లి పంచనామా రాస్తారు. రోడ్డు రకం, ఎన్ని వరుసలు ఉన్నాయి, కూడలి ఉందా, మలుపు ఉందా, వెలుతురు ఎలా ఉంది, గుద్దింది ఏ వాహనం, పోయింది ఎవరు అనే వివరాలను ఫారంలో నింపుతారు. ఐఐటీ మద్రాస్, జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఐరాడ్, దాని తర్వాత వచ్చిన ఈడార్ వ్యవస్థల వల్ల ఈ వివరాలు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫోన్ నుంచే నమోదవుతున్నాయి.

ఇక్కడ పాటించే నియమాలు రెండు. ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు ప్రాణం పోతేనే అది రోడ్డు ప్రమాద మరణంగా లెక్కలోకి వస్తుంది. ఇక మరణాన్ని ప్రమాదం జరిగిన చోటి ఖాతాలోనే రాస్తారు, ప్రాణం పోయిన చోట కాదు. శ్రీశైలం రహదారిపై గాయపడిన మనిషి కంచన్‌బాగ్‌లోని ఆసుపత్రిలోనో, నగరంలోని ఉస్మానియా ఆసుపత్రిలోనో కన్ను మూసినా, ఆ అంకె రహదారి ఉన్న స్టేషన్‌కే చేరుతుంది. పెద్దాసుపత్రులున్న నగరాల మీదికి చుట్టుపక్కల జిల్లాల మరణాలు వచ్చి పడకుండా ఈ నియమం కాపాడుతుంది.

రోడ్డు రకాన్ని బట్టి

2022లో జాతీయ రహదారులపై 61,038 మంది (36.2 శాతం), రాష్ట్ర రహదారులపై 41,012 మంది (24.3 శాతం), మిగతా రోడ్లన్నిటిపై 66,441 మంది (39.4 శాతం) చనిపోయారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా దాదాపు 2 శాతమే, రాష్ట్ర రహదారుల వాటా 3 శాతం. అంటే పొడవులో ఇరవయ్యో వంతు రోడ్లపైనే ప్రతి పది మరణాల్లో ఆరు జరుగుతున్నాయి.

ఈ పోలికను జాగ్రత్తగా చదవాలి. దేశంలోని ట్రాఫిక్‌లో దాదాపు 40 శాతం జాతీయ రహదారుల మీదే నడుస్తుందని కేంద్ర ప్రభుత్వం చెబుతోంది. ట్రాఫిక్‌తో పోల్చి చూస్తే 36 శాతం మరణాలు వింతగా అనిపించవు. అయితే రహదారిపై గుద్దుకుంటే దెబ్బ బలంగా ఉంటుంది. 2022లో జాతీయ రహదారులపై ప్రతి వంద ప్రమాదాలకు 40 మంది చనిపోగా, జాతీయ, రాష్ట్ర రహదారులు కాని ఇతర రోడ్లపై 33 మంది చనిపోయారు. పైగా దిద్దుబాటు దృష్టితో చూస్తే పొడవు లెక్కే పనికొస్తుంది. రహదారుల మరణాలు తక్కువ నిడివిలో కుప్పపడి ఉన్నాయి కాబట్టి అక్కడ పెట్టే ప్రతి రూపాయి ఎక్కువ ప్రాణాలను నిలబెడుతుంది.

పల్లె, పట్నం

2022 మరణాల్లో 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లో, 32 శాతం పట్టణాల్లో జరిగాయి. నగరంలో రద్దీ వేగాన్ని అదుపులో ఉంచుతుంది, ఆసుపత్రి దగ్గర్లో ఉంటుంది. రహదారి ఊరి మధ్యగా పోయే చోట ఈ రెండూ కరువే. పొలం నుంచి బండిపై రోడ్డెక్కే రైతు, బస్సు దిగి అవతలికి పోయే విద్యార్థి, వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు అక్కడ ఒకే తారు మీద కలుస్తారు.

వంపులు, కూడళ్లు

పెద్ద ప్రమాదాలు మనసులో ఒక చిత్రాన్ని ముద్రిస్తాయి. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అలాంటి వార్తల వల్ల మలుపు, వాలు ఉన్న చోట్లే ప్రాణాలు ఎక్కువగా పోతాయనిపిస్తుంది. జాతీయ లెక్కలు మరోలా ఉన్నాయి. 2022లో దాదాపు 67 శాతం ప్రమాదాలు తిన్నని రోడ్లపైనే జరిగాయి. వాతావరణం కూడా చాలాసార్లు వానో పొగమంచో కాదు, తేటగానే ఉంది. కూడళ్ల వద్ద కంటే కూడలి లేని చోట్లలోనే అధిక మరణాలు నమోదవుతున్నాయి. కూడళ్లలో టీ ఆకారపు జంక్షన్ల వాటా పెద్దది. చిన్న రోడ్డు వచ్చి పెద్ద రోడ్డును తాకే చోట సిగ్నల్ గానీ వేగం తగ్గించే ఏర్పాటు గానీ తరచూ ఉండకపోవడం ఇందుకు ఒక కారణం. తిన్నని రోడ్డు వేగాన్ని పెంచుతుంది. 2022 మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలోనే పడ్డాయి.

చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు, 19.5 శాతం పాదచారులు. ఈ రెండు వర్గాలే దాదాపు మూడింట రెండు వంతులు.

నగర వీధులు: కంచన్‌బాగ్ ఉదాహరణ

"ఇతర రోడ్లు" అనే వరుసలో నగర వీధి, పంచాయతీ రోడ్డు, కాలనీ రోడ్డు అన్నీ కలిసిపోతాయి. ఈ లెక్కలో పెద్ద లోటు ఇదే. కంచన్‌బాగ్ పక్కనుంచే ఇన్నర్ రింగ్ రోడ్డు ఎల్బీనగర్ నుంచి ఒవైసీ జంక్షన్, చాంద్రాయణగుట్టల మీదుగా ఆరాంఘర్‌కు పోతుంది. లారీలు, ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, కర్మాగారాల షిఫ్టు వదిలినప్పుడు వచ్చే బైకులు, ఆసుపత్రికి నడిచివెళ్లే రోగుల బంధువులు అందరిదీ అదే రోడ్డు. రాకపోకల్లో అది జాతీయ రహదారికి తీసిపోదు.

2021 డిసెంబర్ 28న ఒవైసీ-మిధాని జంక్షన్ వద్ద దాదాపు 1.36 కిలోమీటర్ల ఏపీజే అబ్దుల్ కలాం ఫ్లైఓవర్ ప్రారంభమైంది. నేరుగా పోయే బండ్లను పైకెత్తితే కింద అడ్డంగా మళ్లే వాహనాలతో ఢీకొనే అవకాశం తగ్గుతుంది. అయితే ఫ్లైఓవర్ దిగే చోట పైనుంచి వేగంగా వచ్చే బండి, కింద నుంచి మెల్లగా వచ్చే ఆటో, రోడ్డు దాటే మనిషి కలుసుకునే కొత్త బిందువు ఏర్పడుతుంది. జాతీయ పట్టికలో ఈ తేడా కనబడదు. పైన పోయినా, కింద పోయినా, దిగేచోట పోయినా అది "పట్టణ ప్రాంతం, ఇతర రోడ్డు" అనే గడిలోని ఒక అంకె. అక్షాంశ రేఖాంశాలతో కూడిన నమోదు ఈ లోటును పూడ్చగలదు.

బ్లాక్‌స్పాట్‌లు

జాతీయ రహదారిపై దాదాపు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలతోనో తీవ్ర గాయాలతోనో ఐదు ప్రమాదాలు జరిగితే, లేదా మొత్తం పది మంది చనిపోతే దాన్ని బ్లాక్‌స్పాట్‌గా గుర్తిస్తారు. ముందు హెచ్చరిక బోర్డులు, గీతలు, రంబుల్ స్ట్రిప్పులు, లైట్లు పెడతారు. తర్వాత సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, జంక్షన్ విస్తరణ వంటి శాశ్వత పనులు చేపడతారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు కట్టి, మరణానికి కారణమైన సంస్థకు గానీ గుత్తేదారుకు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా విధించే 198ఎ సెక్షన్‌ను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు.

పరిమితులు

కేసు కాని మరణం లెక్కకు రాదు. 2016కు దేశం ప్రకటించిన మృతులు సుమారు 1.51 లక్షలు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా దాదాపు 2.99 లక్షలు. కారణాల గడిలో "అతివేగం" అని రాయడం పోలీసులకు తేలిక. గీత చెరిగిన రోడ్డు, వెలగని దీపం, పేవ్‌మెంటు లేని అంచు అలా రాసినప్పుడు లెక్క నుంచి తప్పించుకుంటాయి. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం నెరవేరాలంటే బ్లాక్‌స్పాట్ పద్ధతి రహదారులు దాటి నగర వీధులకూ రావాలి. ప్రతి మరణానికీ ఖచ్చితమైన చోటు నమోదు కావాలి, ఆ వివరాలు వార్డు స్థాయిలో ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఏ మలుపులో, ఏ చౌరస్తాలో ఎందరు పోయారో తెలిస్తేనే అక్కడివారు అధికారులను ఫలానా పని చేయమని అడగగలరు.