కాలు తప్పా, కారు తప్పా?

పోయిన వేసవి సెలవుల్లో మా చిన్నాయన కరెంటు స్కూటరు కొన్నాడు. మా హోసూరులో ఇప్పుడు ఏ వీధిలో చూసినా అవే కనిపిస్తాయి. ఒకరోజు పొద్దున ఆయన బండిని వాకిట్లో నిలిపి, టీ తాగేదానికి లోపలికి పోయినాడు. బండి ఆన్‌లోనే ఉంది. పెట్రోలు బండి అయితే శబ్దం ఉంటుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. ఇది ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. దారికి అడ్డంగా ఉంది కదా, కొంచెం జరుపుదామని నేను స్టాండు తీసి హ్యాండిల్ పట్టుకున్నాను. అంతే, బండి ముందుకు దూకింది. గోడ దగ్గర చేటలో బియ్యం ఏరుతున్న మా అవ్వ మోకాలికి తగిలింది. ఆరు వారాలు కట్టుతో మంచం మీద ఉండింది అవ్వ.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. బండిలోనే ఏదో లోపం ఉందని అమ్మ, వీడే తిప్పినాడని చిన్నాయన. నేను మాత్రం బ్రేకే పట్టుకున్నానని ఒట్టేసి చెప్పినాను. అది అబద్ధం కాదు. నాకు అట్లే గుర్తుంది. ఈ మాట బడిలో చెబితే మా చరిత్ర సారు, "ఈ తగాదాకు దగ్గర దగ్గర నలభై ఏండ్ల చరిత్ర ఉంది, చదివి రాయి" అన్నారు. అట్లా రాసిందే ఈ వ్యాసం.

కథ అమెరికాలో మొదలవుతుంది. జర్మనీ కంపెనీ ఆడి అక్కడ 5000 అనే కారు అమ్మేది. అందులో ఆటోమేటిక్ గేర్ల కార్లకు క్లచ్ ఉండదు. కాలి కింద రెండే పెడళ్లు, ఒకటి బ్రేకు, ఇంకొకటి ఎక్సలేటరు. నిలిపి ఉంచిన కారును స్టార్ట్ చేసి గేరు మార్చగానే అది దానంతటదే దూసుకుపోయిందనీ, బ్రేకు ఎంత తొక్కినా ఆగలేదనీ చాలామంది ఫిర్యాదు చేసినారు. 1986 నవంబరు 23న సీబీఎస్ టీవీలో 'సిక్స్టీ మినిట్స్' కార్యక్రమం దీన్ని చూపించింది. ఎవరూ తొక్కకుండానే ఎక్సలేటరు పెడల్ కిందికి దిగడం దేశమంతా చూసింది. ఆ దృశ్యం కోసం గేరుబాక్సుకు రంధ్రం చేసి బయటినుంచి గాలి ఒత్తిడి పంపినారని మాత్రం చూసేవాళ్లకు చెప్పలేదు. 1985లో అమెరికాలో 74,061 ఆడి కార్లు అమ్ముడుపోతే, 1991లో 12,283 మాత్రమే అమ్ముడుపోయినాయి.

అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 1989లో తన నివేదిక ఇచ్చింది. అందులోని తర్కం నాకు బాగా నచ్చింది. బాగున్న బ్రేకును గట్టిగా తొక్కితే, ఇంజను పూర్తి వేగంతో తిరుగుతున్నా కారు ఆగుతుంది. మరి బ్రేకు తొక్కినా ఆగలేదంటే ఇంజనూ బ్రేకూ రెండూ ఒకే క్షణంలో చెడిపోయి ఉండాలి, గుద్దుకున్నాక రెండూ వాటంతటవే బాగైపోయి ఉండాలి. అది జరిగే పని కాదు. కాబట్టి ఎక్కువ ప్రమాదాల్లో డ్రైవరు బ్రేకు అనుకొని ఎక్సలేటరు తొక్కినాడని తేల్చినారు. రిచర్డ్ ష్మిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో సంగతి వివరించినాడు. కాలు తప్పు పెడల్ మీద పడినట్టు మనిషికి తెలియదు. బండి దూకేసరికి భయంతో, ఇదే బ్రేకు అనుకొని ఇంకా గట్టిగా తొక్కుతాడు. అది చదివినప్పుడు నాకు మా వాకిలి గుర్తొచ్చింది.

అయితే ఆ నివేదిక తప్పంతా డ్రైవర్ల మీదే వేయలేదు. ఆ కారులో పెడళ్ల అమరిక అమెరికా కార్లకు వేరుగా ఉండేది. ఒక్కోసారి ఇంజను ఉన్నట్టుండి కొంచెం ఎగిసేది, దానికే డ్రైవరు ఉలిక్కిపడేవాడు. దీనికి ఆడి పెట్టిన మందు చాలా చిన్నది. బ్రేకు మీద కాలు లేకపోతే గేరు పార్కింగ్ నుంచి కదలకుండా ఒక తాళం. ఆ తాళం బిగించిన కార్ల మీద ఫిర్యాదులు బాగా తగ్గినాయి. ఇప్పుడు అన్ని ఆటోమేటిక్ కార్లలోనూ అట్లాంటి తాళం ఉంటుంది.

ఇది చదివి, ప్రతిసారీ మనిషిదే తప్పు అనుకుంటే పొరపాటు. 2009 ఆగస్టు 28న శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ కారు గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో పోయి నలుగురు చనిపోయినారు. నడిపింది మామూలు మనిషి కాదు, హైవే పోలీసు అధికారి. వేరే మోడల్ కారు రబ్బరు పట్టా కాళ్ల కింద వేసినారు, దాని అంచులో ఎక్సలేటరు ఇరుక్కుపోయింది. పెట్రోలు కారు బ్రేకుకు బలం ఇంజను లాగే గాలి నుంచి వస్తుంది. ఎక్సలేటరు పూర్తిగా తెరుచుకొని ఉన్నప్పుడు బ్రేకును వదిలి వదిలి తొక్కితే ఆ బలం అయిపోతుంది. ఇంజను ఆపుదామంటే బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఆ గాభరాలో అది ఎవరికి తోస్తుంది? ఆ కారు చేసిన టొయోటా మీద విచారణలు జరిగినాయి. నాసా ఇంజనీర్లు పది నెలలు వెతికినా అంత వేగానికి కారణమయ్యే ఎలక్ట్రానిక్ లోపం దొరకలేదని 2011లో ప్రకటించినారు. కానీ భద్రత విషయంలో జనానికి నిజం దాచినందుకు 2014లో టొయోటా 120 కోట్ల డాలర్లు కట్టింది.

తరువాత కరెంటు కార్లు వచ్చినాయి, తగాదా వాటి మీదికి మారింది. టెస్లా కార్లు దానంతటవే దూసుకుపోతున్నాయన్న పిటిషన్ మీద అదే భద్రతా సంస్థ 246 ప్రమాదాలను పరిశీలించి, 2021 జనవరిలో లోపం ఏదీ లేదనీ, పెడల్ పొరపాటే కారణమనీ చెప్పింది. కారులోని కంప్యూటరే ఏ పెడల్ ఎంత తొక్కినారో రాసి పెట్టుకుంటుంది కాబట్టి, ఈసారి ఊహతో పని లేకపోయింది.

చైనా వేరే ప్రశ్న అడిగింది. కరెంటు కారులో ఎక్సలేటరు మీద కాలు ఎత్తితే చాలు, మోటారు జనరేటరులా మారి కారును నిదానం చేస్తుంది. అలవాటైతే బ్రేకు తొక్కే పనే తక్కువ. కాలు రోజంతా ఎక్సలేటరు మీదే ఉంటే, ఆపదలో అది ఏం తొక్కుతుంది? ఆ నిదానాన్ని ఎక్కువ తక్కువ చేసుకునే వీలు డ్రైవరుకు ఉండాలనీ, ఎక్సలేటరును చాలాసేపు లోతుగా తొక్కితే కారు హెచ్చరించాలనీ 2023 మేలో 11 లక్షలకు పైగా టెస్లా కార్లకు రీకాల్ ప్రకటించినారు.

2024 ఏప్రిల్‌లో అమెరికాలో 3,878 సైబర్‌ట్రక్కులు వెనక్కి పిలిచినప్పుడు మాత్రం తప్పు బండిదే. పెడల్ మీది రేకును తొడిగేటప్పుడు సబ్బు వాడినారు, అది జారి పైన ఇరుక్కునేది. 2009లో రబ్బరు పట్టా, 2024లో సబ్బు! అయితే ఇక్కడ బ్రేకు తొక్కితే ఎక్సలేటరు ఇరుక్కొని ఉన్నా మోటారు బలం తెగిపోతుంది. కరెంటు కారు బ్రేకు ఇంజను గాలి మీద ఆధారపడదు కూడా. అందుకని బండి మాట వినకపోతే చేయాల్సింది ఏమంటే, కాలు పూర్తిగా పైకెత్తి, బ్రేకు మీద పెట్టి, వదలకుండా ఒకేసారి గట్టిగా తొక్కడం. వీలైతే గేరును న్యూట్రల్‌కు వేయాలి. పార్కింగ్ బ్రేకు బటన్ ఉన్న చాలా కార్లలో దాన్ని అట్లే పట్టుకున్నా బండి ఆగుతుంది.

ముసలివాళ్లు ఎక్కువగా ఉన్న జపానులో 2028 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు ఇంకో నియమం వస్తుంది. ముందర గోడో కారో ఉండగా ఎక్సలేటరును పూర్తిగా తొక్కితే, కారు ఆ మాట వినకూడదు.

ఇది రాసినాక చిన్నాయనా నేనూ ఆ పొద్దు జరిగింది మళ్లీ చేసి చూసినాము, బండి ఆఫ్ చేసి. నేను హ్యాండిల్ పట్టుకున్నాను, ఆయన బండిని చటుక్కున ముందుకు లాగినాడు. నా ఒళ్లు వెనక్కి పోయింది, కుడి మణికట్టు దానంతటదే ఇంకా తిరిగింది. బ్రేకు, ఎక్సలేటరు రెండూ ఆ చేతి దగ్గరే. ఆ బండిలో బ్రేకు పట్టుకుంటే మోటారు తిరగదని కూడా చిన్నాయన చూపించినాడు. అంటే నేను బ్రేకు పట్టుకోలేదు.

అవ్వ దగ్గర కూర్చొని, తిప్పింది నేనేనని చెప్పినాను. అవ్వ కాలు నిమురుకుంటూ, "సరేలేరా. ఆన్‌లో ఉన్నానని ఆ బండి ఒక్క మాటన్నా చెప్పకూడదా?" అనింది. చిన్నాయన ఇప్పుడు బండి దిగగానే ఆఫ్ చేసి, తాళంచెవి తెచ్చి అవ్వ మంచం పక్క మేకుకు తగిలిస్తాడు.