సీసా మీది ఇండియా కథ

ఇండియా పేల్ ఏల్, పొట్టిగా ఐపీఏ. హాప్స్ పువ్వు దట్టించి కాచే ఈ చేదు బీరు పేరులో మన దేశం ఎందుకుందో ఒక కథ చెబుతారు. లండన్ నుంచి నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో బీరు పులిసి పాడైపోయేదట. జార్జ్ హాడ్జ్‌సన్ అనే ఆయన హాప్స్, ఆల్కహాలు పెంచి చెడిపోని కొత్త బీరు కనిపెట్టాడట. కాలిఫోర్నియాలో మా మేనల్లుడు నా చేతిలో పెట్టిన అమెరికన్ ఐపీఏ సీసా మీదా ఇదే అచ్చేశారు.

బాగానే ఉంది. మరి ఆధారం?

పాత పత్రికలు తిరగేసి బీరు చరిత్ర రాసిన మార్టిన్ కార్నెల్‌కి అలాంటిదేదీ దొరకలేదు. నల్లటి పోర్టర్ బీరు కూడా అవే ఓడల్లో వచ్చి ఇక్కడ శుభ్రంగా అమ్ముడుపోయింది. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వెయ్యాలన్నది 1760ల నాటికే అందరికీ తెలిసిన సంగతి. ఆల్కహాలా? ఆరు శాతం పైచిలుకు. ఆ రోజుల్లో అది ఘాటు కిందే లెక్క కాదు. హాప్స్‌లోని చేదు ఆమ్లాలు కొన్ని రకాల బాక్టీరియాను అణచేమాట నిజమే. కథలో నిజం పాలు అంతే.

మరి హాడ్జ్‌సనే ఎందుకు గెలిచాడు? ఆయన బట్టీ ఉన్న బో ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్‌కి దగ్గర. ఆ ఓడల కెప్టెన్లకు సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది. వాళ్లకు ఏడాదిన్నర దాకా అప్పు మీద సరుకిచ్చేవాళ్లు. కనిపెట్టిందేమైనా ఉంటే ఈ అరువు బేరమే! ఆయన వ్యాపారం మొదలైంది 1750ల్లో. 'ఈస్ట్ ఇండియా పేల్ ఏల్' అన్న పేరు అచ్చులో ఇంతవరకూ దొరికినంతలో మొదట కనబడేది 1829లో, అదీ సిడ్నీ పత్రికలో.

ఇక గ్లాసులోకి వద్దాం. పంపరపనస తొక్క గిల్లినట్టు గుప్పున వాసన, వెనకాల చెట్టుబంక వాసన, ఆ తర్వాత కాకరకాయలా నాలుక చివర నిలిచే చేదు. నాకు నచ్చింది. ఈ పంపరపనస వాసన హిందూ మహాసముద్రం దాటి వచ్చింది కాదు. ఆరెగన్‌లో పెంచి 1972లో విడుదల చేసిన కాస్కేడ్ అనే హాప్ రకంతో మొదలైంది. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కో యాంకర్ వాళ్ల లిబర్టీ ఏల్, 1980లో చీకోలో సియెరా నెవాడా పేల్ ఏల్ దాన్ని జనానికి అలవాటు చేశాయి.

తమాషా ఏమిటంటే, ఆ వాసన నిలవుంటే ఎగిరిపోతుంది. నెలల ప్రయాణానికి పుట్టిందని గొప్పలు చెప్పే సీసా మీదే 'తాజాగా తాగండి' అని కూడా ఉంది!

ఇదీ పరీక్షించాం. అదే బీరు, గరాజ్‌లో ఎనిమిది నెలలు పడున్న సీసా ఒకటి, కొత్తది ఒకటి. నేను చూడకుండా మావాడు మూడు గ్లాసుల్లో పోశాడు: రెండింట్లో కొత్తది, ఒకదాంట్లో పాతది. పాతది పట్టేశాను, తడిసిన అట్టపెట్టె వాసన. కాకపోతే కళ్లు మూసుకుని చెప్పినా మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి ఒక్కసారితో లెక్కకు రాదు. ఇంకో ఐదుసార్లు చేద్దామంటే మా అక్క ఒప్పుకోలేదు.