మనవాడే ఆ మాటంటే...

ఆ మధ్య వేసవి సెలవుల్లో మా అమ్మాయి షెర్లాక్ హోమ్స్ కథల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అమ్మా, నీ హోమ్స్ ఇలాంటివాడా?" అంది ముఖం ముడుచుకుని.

నా హోమ్సే మరి! విజయనగరంలో చదువుకునే రోజుల్లో, కంచంలో అన్నం చల్లారిపోతున్నా ఆ పుస్తకం దించేదాన్ని కాదు.

అది చూపించిన కథ 'త్రీ గేబుల్స్'. 1926లో అచ్చయింది. స్టీవ్ డిక్సీ అనే నల్లజాతి బాక్సర్ హోమ్స్‌ను బెదిరించడానికి వస్తాడు. వచ్చినవాడి దౌర్జన్యాన్ని వదిలేసి, అతని పెదవులనూ ఒంటి వాసననూ ఎద్దేవా చేస్తాడు మన మహానుభావుడు. ఈ కథ నేనూ చదివాను. అప్పుడు ఎక్కడా ఆగినట్టు గుర్తులేదు. సిగ్గేసింది.

పోనీ రచయితకు తెలీదా అంటే, 1893 నాటి 'ఎల్లో ఫేస్' కథలో ఒక తెల్లాయన, భార్యకు మొదటి భర్త వల్ల పుట్టిన నల్లపిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటాడు. అదీ డాయిల్ రాసిందే! అందుకే కాబోలు, 'త్రీ గేబుల్స్' అసలు ఆయన రాసింది కాదేమో అని సరిపెట్టుకోజూశారు కొందరు అభిమానులు. ఇష్టమైనవాళ్ళ తప్పును ఇంకొకరి మీదికి తోసెయ్యడం మనకు మాత్రం తెలీదూ!

"మరి కన్యాశుల్కంలో తిట్లకు నవ్వుతావుగా?" అంది మా అమ్మాయి.

హోమ్స్ కథల మొదటి సంపుటి వచ్చిన 1892లోనే మా ఊళ్ళో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడవారు దాన్ని బాగా మార్చి రాశారు. ఆ వాడుకభాష గ్రామ్యమని ముక్కు విరిచినవారూ ఉన్నారు. అందులో అగ్నిహోత్రావధాన్లు నోటికి అడ్డూ ఆపూ లేదు. కానీ ఆయన తిడుతున్నప్పుడు గురజాడవారు ఆయన పక్కన నిలబడరు. వెంకమ్మ పక్కన, బుచ్చమ్మ పక్కన నిలబడతారు. డిక్సీ పక్కన ఎవరున్నారు? డాయిల్ లేడు. చదువుతున్న నేనూ లేను.

ఇంత చెప్పి గెలిచాననుకునేలోగా మా పెద్దమ్మ గుర్తొచ్చింది. చిన్నవయసులోనే పెదనాన్న పోయారు. ఓసారి ఆవిడ పక్కన కూర్చుని ఈ నాటకం చూశాను. "వెధవ" అన్న మాట వచ్చినప్పుడల్లా హాలంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు.

"నవ్వవేం పెద్దమ్మా?" అన్నాను.

"మీకది తిట్టు. నాకది పేరు కదే" అంది.

విధవే వెధవ అయిందని నాకు తట్టింది ఆనాడే.

2023లో ఆగథా క్రిస్టీ నవలల కొత్త ముద్రణల్లో నొప్పించే మాటలు తీసేశారని వార్త వచ్చింది. నాకైతే తీసెయ్యాలని లేదు. తీసేస్తే మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగేదా? పిల్లలతో కూర్చుని చదివి, ఆగాల్సిన చోట ఆగితే చాలు.

అలా చెబుతుండగానే కరెంటు పోయింది. "వెధవ క..." అన్నాను. చీకట్లో మా అమ్మాయి కిసుక్కుమంది.

మీరే చెప్పండి, ముందు దిద్దాల్సింది ఏ పుస్తకాన్ని?