మూడు రీళ్లు, రెండు అతుకులు

1952 సెప్టెంబరు 30 రాత్రి న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లో బొమ్మ చాలా సాదాగా మొదలైంది. చిన్న తెర, నలుపు తెలుపు. లోవెల్ థామస్ అనే రేడియో వ్యాఖ్యాత గుహల్లోని బొమ్మల దగ్గర్నుంచి సినిమా దాకా ఓ పాఠం చెప్పాడు. అది అవగానే కర్టెన్లు పక్కలకు జరిగాయి. జరుగుతూనే ఉన్నాయి! ఎదురుగా రంగుల్లో రోలర్ కోస్టర్. జనం కుర్చీలు గట్టిగా పట్టుకున్నారు.

అదే 'దిస్ ఈజ్ సినెరామా'. దాని వెనకున్న మనిషి ఫ్రెడ్ వాలర్. నీళ్లమీద జారే స్కీలకు 1925లోనే పేటెంటు పుచ్చుకున్న ఘనుడు. కంటి కొసలకు దొరికే దృశ్యమే మనం అక్కడే ఉన్నామన్న భ్రమ కలిగిస్తుందని ఆయన నమ్మకం. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల్లోని తుపాకీ సిపాయిల శిక్షణకు ఐదు ప్రొజెక్టర్లతో ఓ యంత్రం కట్టాడు. దానికి తమ్ముడే సినెరామా.

తెర 146 డిగ్రీల వంపు. దాన్ని నింపాలంటే మూడు ఫిలిములు, మూడు ప్రొజెక్టర్లు, ధ్వనికి విడిగా మరో రీలు. సెకనుకు 26 ఫ్రేములు. ఒక రీల్లో నాలుగు ఫ్రేములు చిరిగితే ఆపరేటర్ అక్కడ సరిగ్గా నాలుగు నల్ల ఫ్రేములు అతికించాలి, లేకపోతే ఆ ముక్క మిగతా రెండింటికంటే ముందు పరిగెడుతుంది.

అసలు తలనొప్పి తెర మీద మూడు బొమ్మలు పక్కపక్కన కలిసే చోట కనిపించే రెండు అతుకులది. వాటిని మరుగుపరచడానికి ప్రొజెక్టర్లో దువ్వెనలాంటి పళ్లు ఫ్రేము అంచున చకచకా ఆడుతూ ఉండేవి. దర్శకులేమో అతుకు పడే చోట చెట్టో స్తంభమో నిలబెట్టేవారు. 'హౌ ద వెస్ట్ వాజ్ వన్' (1962) తీసేటప్పుడు ఎదురెదురుగా మాట్లాడుకునే నటులు ఒకరినొకరు చూడకూడదు! పక్కకెక్కడో చూస్తేనే వంపు తెర మీద చూపులు కలిసేవి. ప్రేమ సన్నివేశాల్లో వాళ్ల అవస్థ ఊహించుకోవచ్చు.

ఇంత బరువు ఏ ఊరి థియేటరు మోస్తుంది? 1953లో 'ద రోబ్'తో ఫాక్స్ సంస్థ సులువైన దారి చూపింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ క్రెటియెన్ 1920ల్లో రూపొందించిన లెన్సు వెడల్పాటి దృశ్యాన్ని సగానికి నొక్కి ఒకే ఫిలిం మీద పడేస్తుంది. ప్రొజెక్టర్ లెన్సు మళ్లీ సాగదీస్తుంది. అదే సినిమాస్కోప్. 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్'తో మన దేశంలోకి వచ్చింది.

తెలుగుకి మరో పదిహేనేళ్లు పట్టింది. 1974లో కృష్ణ నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు'కు వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పట్టారు. చింతపల్లి కొండలు మొదటిసారి తెర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకున్నాయి. ఆపరేటర్ మాత్రం స్కోప్ లెన్సు బిగించడం మరవకూడదు. మరిస్తే సీతారామరాజైనా సరే, తెర మీద తాటిచెట్టులా సన్నగా పొడుగ్గా నిలబడతాడు.