బోరు నీళ్లలో పెట్రోల్ వాసన వస్తోందా? బంక్ ట్యాంక్ లీకైతే నేలను ఎలా శుభ్రం చేస్తారంటే..

హైదరాబాద్-విజయవాడ 65వ నంబర్ జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ.. రైస్ మిల్లుల లారీలతో రద్దీగా ఉండే మిర్యాలగూడ. ఈ మూడు పట్టణాల్లో పెట్రోల్ బంకులకు కొదవ లేదు. బంకులో మనకు కనిపించేది పంపు మాత్రమే. వేల లీటర్ల ఇంధనం ఉండేది భూమి లోపలి ట్యాంకుల్లో. ట్యాంకు తుప్పు పట్టినా, పైపు జాయింటు వదులైనా పైకి ఏమీ తెలియదు. ఒక్కోసారి ముందుగా తెలిసేది పక్కింటి బోరు నీళ్లతోనే.

అసలు ప్రమాదం ఏంటి?

పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది. ఇది క్యాన్సర్ కారకం. బీఎస్-6 పెట్రోల్‌లో ఇది 1 శాతం వరకు ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోల్‌లో దాదాపు 8.8 గ్రాములు. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్, 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ పరిమితికి చేర్చడానికి సరిపోతుంది.

ఉమ్మడి నల్గొండ జిల్లాలో నీటి పరీక్ష అంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడే. కానీ ఫ్లోరైడ్ పరీక్షలో బెంజీన్ బయటపడదు. దానికి ల్యాబ్‌లో వేరే పరీక్ష చేయించాలి.

లీకును ఎలా పట్టుకుంటారు?

మొదటి ఆధారం బంకు రిజిస్టరే. ట్యాంకులో డిప్ రాడ్డుతో కొలిచిన స్టాకు, వచ్చిన లోడు, అమ్మిన లీటర్లు సరిపోలాలి. రోజూ తేడా వస్తుంటే అనుమానించాల్సిందే. వానాకాలంలో ట్యాంకులోకి నీళ్లు చేరడం మరో సంకేతం. ఆ తర్వాత ట్యాంకుకు, పైపులకు ప్రెజర్ టెస్ట్ చేస్తారు.

లీకు నిర్ధారణ అయితే బంకు చుట్టూ బోర్లు వేసి, వేర్వేరు లోతుల్లో మట్టి, నీటి నమూనాలు తీస్తారు. భూగర్భ జలం ఎటు పారుతోందో తెలియాలంటే కనీసం మూడు బోర్లు కావాలి. ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లు, ఇంధనం దాని పగుళ్ల వెంట వెళ్తాయి. అందుకే పక్క బోరు బాగుండి, దూరంగా ఉన్న బోరు చెడిపోవచ్చు. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాల్వ నీళ్లు వదిలినప్పుడు నీటిమట్టం పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. దాంతో పాటే ఇంధనం కూడా పైకీ కిందికీ కదిలి మరింత మట్టికి అంటుకుంటుంది.

శుభ్రం చేసేది ఇలా..

- ముందుగా ట్యాంకు ఖాళీ చేసి లీకు ఆపుతారు.
- నీటిపై తేలే ఇంధనాన్ని తోడేస్తారు.
- బాగా చెడిన మట్టిని తవ్వి, ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రానికి పంపుతారు.
- తవ్వలేని చోట పైపులతో ఆవిరిని లాగుతారు. గాలి, పోషకాలు అందించి, ఇంధనాన్ని తినే సూక్ష్మజీవులను పెంచుతారు.
- నీటిని తోడి, యాక్టివేటెడ్ కార్బన్‌తో శుద్ధి చేస్తారు.

ట్యాంకు మార్చడం రోజుల పని. నేల బాగుపడటానికి మాత్రం ఏళ్లు పడుతుంది. 2013లో చెన్నై తండయార్‌పేటలో బీపీసీఎల్ పైపులైన్ లీకై ఇళ్ల బోర్లలోకి ఇంధనం చేరింది. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, శుద్ధి పనులు ఏళ్ల తరబడి సాగాయి. అమెరికాలో భూగర్భ ట్యాంకుల లీకులు ఇప్పటివరకు 5 లక్షలకు పైగా నిర్ధారణ అయ్యాయి.

ఖర్చు ఎవరిది?

కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో కొత్త రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాలపై జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. సమాచారం అందిన 90 రోజుల్లో కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరిశీలన చేయాలి. కాలుష్యానికి కారకులెవరో తేలితే శుద్ధి ఖర్చు వాళ్లదే. ఇక కొత్త బంకుల విషయంలో 2020 నాటి మార్గదర్శకాలు ఉన్నాయి. స్కూళ్లు, ఆస్పత్రులు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరం ఉండాలి. తప్పనిసరి పరిస్థితుల్లో అదనపు భద్రతతో 30 మీటర్లు.

మీ బోరులో వాసన వస్తే..

ఆ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. కాచి తాగుదాం అనుకోవద్దు, ఆవిరితో బెంజీన్ ఇంట్లోకి వస్తుంది. బావి, సంపు దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు, మోటారు స్విచ్ వేయొద్దు. వాసన ఘాటుగా ఉంటే ఫైర్ సిబ్బందికి 101కి ఫోన్ చేయాలి. తర్వాత మున్సిపాలిటీకి, కలెక్టరేట్‌కు, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తప్పకుండా తీసుకోవాలి. 90 రోజుల గడువు అడగాలంటే ఆ తేదీయే మీకు ఆధారం.