కాగితం మీద తేల్చిన 39 అంకెల సంఖ్య

ముందు ఈ సంఖ్య చూడండి.

170141183460469231731687303715884105727

మొత్తం 39 అంకెలు. ఇది ప్రైమ్ నంబర్, అంటే ప్రధాన సంఖ్య. 1తో, తనతో తప్ప ఇంక దేనితో భాగించినా శేషం మిగులుతుంది. ఈ సంగతి తేల్చింది 1876లో. అప్పటికి కంప్యూటర్లే లేవు. మరి ఎలా తేల్చారు?

కథ 1644లో మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో మారిన్ మెర్సెన్ అని ఒక క్రైస్తవ సన్యాసి ఉండేవారు. 2ను 2తోనే పదే పదే గుణించి, చివర్లో 1 తీసేస్తే కొన్నిసార్లు ప్రైమ్ వస్తుంది. ఉదాహరణకి ఐదు రెండ్లు గుణిస్తే 32, ఒకటి తీస్తే 31. 257 రెండ్ల వరకు ఏవేవి ప్రైములో ఆయన ఒక లిస్టు రాశారు. అందులో 67, 127 కూడా ఉన్నాయి. కానీ రుజువు లేదు. పెద్దాయన చెప్పారు కదా అని ఆ మాట అలాగే ఉండిపోయింది.

232 ఏళ్ల తర్వాత ఎడువార్డ్ లూకాస్ వచ్చారు. కోడింగ్ నేర్చుకునేవాళ్లకి టవర్ ఆఫ్ హనోయ్ తెలుసు కదా, ఆ ఆట ఈయనదే. 5 పలకలుంటే కనీసం 31 ఎత్తులు పడతాయి. అక్కడా ఇవే సంఖ్యలు!

127 రెండ్లు గుణించి 1 తీస్తే వచ్చేదే మనం పైన చూసిన సంఖ్య. ఒక్కొక్క సంఖ్యతో భాగిస్తూ పోతే 20 అంకెల సంఖ్యల దాకా వెళ్లాలి. ఒక జన్మ చాలదు. అందుకే లూకాస్ దగ్గరి దారి కనిపెట్టారు. దాన్ని 1930లలో లెమర్ ఇంకా సులువు చేశారు. 31 మీద మీరే చేసి చూడండి.

4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీయండి: 14. మళ్లీ అలాగే: 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఇప్పుడు 8 వర్గంలో 2 తీస్తే 62. అది 31కి రెండింతలు, శేషం సున్నా. రెండ్లు ఐదు కాబట్టి, అందులో 2 తగ్గించి మూడు అడుగులు వేశాం. చివర సున్నా వస్తే ప్రైమ్, రాకపోతే కాదు.

ఇలా 127 నిలబడింది. 67 మాత్రం పడిపోయింది! అది ప్రైమ్ కాదని లూకాస్ తేల్చారు, కానీ దేనితో భాగించొచ్చో ఆయనకీ తెలీదు. 1903లో అమెరికాలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపించారు: 193707721ని 761838257287తో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. తర్వాత 257 కూడా తప్పని తేలింది. 61, 89, 107 అసలు లిస్టులోనే లేవు.

లూకాస్ సంఖ్య మాత్రం 1951 దాకా, అంటే 75 ఏళ్లు, తెలిసిన ప్రైముల్లో అన్నిటికన్నా పెద్దది. 2024లో దొరికిన ప్రైమ్‌కి 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దాన్ని కూడా చివరికి ఇదే వర్గం చేసి 2 తీసే పద్ధతితో ఖాయం చేశారు.

ఎంత పెద్దవాళ్లు చెప్పినా లెక్క చేసి చూడాల్సిందే. ఫార్వర్డ్ మెసేజ్ వచ్చినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. ఈలోపు 127 మీద, అంటే ఏడు రెండ్ల మీద, ఐదు అడుగులు వేసి సున్నా వచ్చిందో లేదో కామెంట్‌లో చెప్పండి.