ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు

మద్యవ్యసనవిముక్తి గోరువారు తమ అనుభవములను చెప్పుకొని పరస్పరము బలము గొను ఈ సభలకు మూలస్థానము అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ నగరము. 1935వ సంవత్సరమున వ్యాపారము విఫలమై, హోటలు ముందరి హాలులో ఒంటరిగా నిలిచి, ప్రక్కనున్న పానశాలలోని కోలాహలము చెవినిబడుచుండగా, న్యూయార్కువాసి బిల్ విల్సన్ అటు పోక, అచ్చటి చర్చీల పట్టికను చూచి టెలిఫోను చేసి, తనవంటి మరియొక త్రాగుబోతుతో మాటలాడగోరెను. ఆ వెదకులాట ఆయనను శస్త్రవైద్యుడగు రాబర్ట్ స్మిత్ కడకు జేర్చెను. స్మిత్ మద్యమును విడిచిన జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ జన్మదినముగా లెక్కింతురు.

త్రాగుడు మానవలెనను కోరికయే సభ్యత్వమునకు ఏకైకార్హత. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. బహిరంగసభలకు బంధుమిత్రులును పోవచ్చును, ఆంతరంగికసభలు వ్యసనపీడితులకు మాత్రమే. కావున పోవుటకు ముందు ఏ సభయో విచారించుకొనవలెను. హైదరాబాదువంటి నగరములలో సంస్థ సహాయ టెలిఫోనుకు పిలిచినను, ఆసుపత్రులలోని వ్యసనవిముక్తి విభాగములనడిగినను స్థలము, వేళ తెలియును. మొదటి సభ మనసునకు పట్టలేదని మానుకొనువారు పెక్కురు. నిజమునకు ఒక్కొక్క బృందము తీరు ఒక్కొక్క విధము గనుక, మరియొకదానికి పోయి చూచుట మేలు.

కుటుంబసభ్యులకై ఆల్-అనాన్ అను వేరొక సంస్థ 1951లో వెలసెను. ఏండ్లతరబడి మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు, చిత్తభ్రాంతి కలుగవచ్చును గావున ముందుగా వైద్యుని చూడవలెను. ఏలయన ఈ సభలలో చికిత్స చేయరు.